ఎడమ పక్కన నూనె

పుష్పమ్మను కంపెనీ బౌలింగ్ టీంలోకి తీసుకోవడానికి కారణం ఒక్కటే. నలుగురున్న ప్రతి టీంలోనూ ఒక ఆడమనిషి ఉండి తీరాలని టోర్నమెంటు వాళ్ళు నియమం పెట్టారు. పటాన్‌చెరులో పొలం పంపులు తయారుచేసే ఆ కంపెనీలో అసలు ఆడవాళ్ళే తక్కువ. ఉన్నవాళ్ళలో ఆదివారం పూట ఇల్లు విడిచి వస్తానన్నది తనొక్కతే.

"ఆటేందో తెల్వదు గని, వస్త సార్" అంది. అంతే, పేరు రాసేసుకున్నారు.

అప్పటికామెకు ముప్ఫై నిండలేదు. బొంతపల్లి కోడలు. ఇంటర్ దాకా చదివింది. తయారైన పంపులకు నీళ్ళు పెట్టి, ఎక్కడైనా కారుతున్నాయేమో చూసే విభాగంలో పని. భర్త కిష్టప్ప గడ్డపోతారంలో మందుల కంపెనీలో షిఫ్టులు చేసేవాడు. ఇంట్లో అత్త నర్సింహమ్మ. పొలంలో సగం ఫ్యాక్టరీలకు పోయాక మిగిలిన సగాన్ని ఆవిడ ఇప్పటికీ తన చేతుల మీదే నడిపేది.

రెండువేల నాలుగులో మియాపూర్ దగ్గర హైవే పక్కన బౌలింగ్ సెంటర్ తెరిచారు. సినిమా హాలంత ఏసీ గది. వరసగా పొడుగాటి చెక్క దారులు, వాటిని లేన్లంటారు. ఒక్కో లేన్ చివర పది తెల్లటి పిన్నులు నిలబెట్టి ఉంటాయి. బరువైన బంతిని దొర్లించి వాటిని పడగొట్టాలి. ఒక్క దెబ్బకు పదీ పడితే స్ట్రైక్. మిగిలినవి రెండో బంతితో పడగొడితే స్పేర్. ఇట్లా ఒకరి వంతును ఫ్రేము అంటారు, గేముకు పది ఫ్రేములు. చూడ్డానికి ఇంతే. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల వాళ్ళను పిలిచి టోర్నమెంటు పెడితే సెంటరుకు పేరొస్తుందని దాని యజమానులు అనుకున్నారు. తమ కంపెనీ గెలిస్తే తమకు పేరొస్తుందని పుష్పమ్మ వాళ్ళ ఎండీ అనుకున్నాడు.

టీంకు కెప్టెన్ కామేశ్వరరావు. కొనుగోళ్ళ విభాగంలో మేనేజరు. వాళ్ళ నాన్న ఏలూరు వైపు నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి రామచంద్రాపురంలో ఇల్లు కట్టుకున్నాడు. కామేశ్వరరావు మాత్రం కొన్నేళ్ళు ముంబైలో పనిచేసి అక్కడ ఈ ఆట నేర్చుకున్నాడు. నిజంగానే బాగా ఆడేవాడు. అతను బంతి విడిస్తే అది కుడి అంచు వెంట వెళ్ళి వెళ్ళి, చివర్లో ఎవరో పిలిచినట్టు ఎడమకు తిరిగి, పిన్నుల నడుమకు దూసుకుపోయేది.

మొదటి రోజు పుష్పమ్మ బంతిని ఎడమ చేత్తో ఎత్తింది.

"కుడి చేత్తో పట్టుకో" అన్నాడు కామేశ్వరరావు.

"నాది ఎడమ చెయ్యి సార్."

"అలవాటు చేసుకో. అందరిదీ ఒకే పద్ధతి అయితే నేర్పడం నాకు తేలిక."

కుడి చేత్తో వేసింది. బంతి నాలుగడుగులు పోయి లేన్ పక్కనుండే సన్నటి కాలువలో పడింది. మళ్ళీ వేసింది, మళ్ళీ కాలువే. టీంలోని మెషీన్ షాపు అంజయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. బడిలో సార్లు ఎడమ చేతి వేళ్ళ మీద స్కేలుతో కొట్టినప్పుడు కూడా పిల్లలు ఇట్లాగే నవ్వేవాళ్ళు. అప్పుడు పుష్పమ్మ కుడి చేత్తో రాయడం నేర్చుకుంది. ఇప్పుడు మాత్రం, కెప్టెన్ అటు తిరిగి టీంలో నాలుగోవాడు వెంకటేశానికి ఏదో చెబుతుండగా, మూడో బంతిని తన చేత్తో వేసేసింది. ఎనిమిది పిన్నులు పడ్డాయి.

కామేశ్వరరావు చప్పుడు విని వెనక్కి తిరిగాడు. పిన్నుల వైపు చూశాడు, ఆమె చేతి వైపు చూశాడు.

"సరే, నీ ఇష్టం" అన్నాడు.

అతనిలో మంచి కూడా చెప్పుకోవాలి. కంపెనీ చేత ఒక్కొక్కరికీ రెండేసి బంతులు కొనిపించాడు. పుష్పమ్మ బంతులకు ఎడమ చేతికి సరిపడేలా రంధ్రాలు వేయించమని తానే చెప్పాడు.

ఆ రంధ్రాలు వేసేది సెంటర్లో పనిచేసే బాపిరాజు. భీమవరం దగ్గరి మనిషి, మస్కట్లో ఇదే పనిలో చాలా ఏళ్ళుండి వచ్చాడు. లేన్లకు నూనె వేసే మెషీను, బంతులు, పిన్నులు అన్నీ అతని చేతి కిందే. పుష్పమ్మ వేళ్ళ మధ్య దూరం కొలుస్తూ అడిగాడు, "రెండు బంతులెందుకో తెలుసా అమ్మా?"

"ఒకటి పోతే ఇంకోటి అని."

బాపిరాజు పగలబడి నవ్వాడు. "లేన్ మీద నూనె ఉంటుంది, చూశావా? చెక్క పాడవకుండా వేస్తాం. ముందు సగానికి వేస్తాం, పిన్నుల దగ్గర వెయ్యం. ఇప్పుడు చెప్పు, బురద రోడ్డు మీద అరిగిపోయిన టైరు ఏం చేస్తుంది?"

"జారుతది."

"కొత్త టైరు?"

"పట్టుకుంటది."

"అదే ఇదీనూ. ఈ ఎర్ర బంతి పై పొర ప్లాస్టిక్. నున్నగా ఉంటుంది, నూనె దీనికి అంటదు, తిన్నగా జారిపోతుంది. ఈ నీలం బంతి రియాక్టివ్ రెసిన్. దీని పొర నిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి, నూనెను పీల్చుకుంటుంది. నూనెలో కూడా పట్టు దొరుకుతుంది, చివర పొడి చోటికి రాగానే గిర్రున తిరుగుతుంది. నూనె ఎక్కువుంటే నీలం, ఎండిపోతే ఎర్రది."

"ఎండిపోయినప్పుడు నీలంది ఏస్తే?"

"నువ్వే వేసి చూడు. నేను చెబితే మర్చిపోతావు."

ఆదివారం పొద్దున్నే, జనం రాకముందు, మెషీను నూనె వేశాక ఎవరో ఒకరు బంతులు దొర్లించి లేన్ ఎట్లా ఉందో చూడాలి. ఆ పని పుష్పమ్మకు అప్పగించాడు. ఆమెకు ఆట ఉచితంగా దొరికింది, బాపిరాజుకు నడుము నొప్పి తగ్గింది. మొదట్లో ఆమె అన్నీ తప్పులే చేసింది. నూనె నిండుగా ఉన్న లేన్ మీద ఎర్రది వేసి, అది కర్రలా తిన్నగా పోతుంటే తిట్టుకుంది. వాడి వాడి ఎండిపోయిన లేన్ మీద నీలంది వేస్తే, అది సగం దారిలోనే తిరిగి అవతలి కాలువలోకి దూకింది. బంతి తిరిగొచ్చినప్పుడల్లా దాని మీద నూనె గీత వలయంలా కనిపించేది. ఆ గీతను వేలితో తుడిచి చూడడం అలవాటయింది.

ఆ అలవాటే ఆమెకో సంగతి పట్టించింది. ఒక సాయంత్రం ప్రాక్టీసు చివర్లో అంజయ్య బంతి పొడిగా వస్తోంది. తన బంతి తడిగా వస్తోంది. లేన్ ఒకటే, ఆడిన సేపూ ఒకటే.

"రాజు గారూ, గిదేంది?" అని అడిగింది.

"అందరూ నడిచే చోట గడ్డి చస్తుందమ్మా" అన్నాడు బాపిరాజు. "వాళ్ళంతా కుడి చేతి వాళ్ళు. కుడి పక్క నూనెను వాళ్ళ బంతులు తాగేస్తున్నాయి. ఎడమ పక్కన నడిచేది నువ్వొక్కదానివే."

ఇంట్లో నర్సింహమ్మకు బౌలింగ్ గురించి అభ్యంతరమేమీ లేదు. ఏసీలో ఆడే ఆట, కంపెనీ బండి తీసుకుపోయి తీసుకొస్తుంది. ఆవిడ బాధల్లా చెయ్యి.

"నలుగుర్ల ఎడమ చెయ్యి తోని ఏసుడేందే? సూసెటోళ్ళు ఏమనుకుంటరు? కోడలికి అత్త ఏం నేర్పలేదా అంటరు."

"పంపు గూడ ఎడమ చేత్తోనే చెక్ జేస్త అత్తమ్మా. నీళ్ళొస్తలేవా?"

"మాటకు మాట జెప్తవు" అని నర్సింహమ్మ విసుక్కునేది. కిష్టప్ప ఈ గొడవలోకి దిగేవాడు కాదు. ఇద్దరిలో ఎవరి పక్కన మాట్లాడినా రెండో వాళ్ళు అన్నం పెట్టరని అతని భయం.

టోర్నమెంటు మొదలైంది. ఎవరూ అనుకోని విధంగా పంపుల కంపెనీ ఫైనల్‌కు వచ్చింది. కామేశ్వరరావు ఆటే దానికి ముఖ్య కారణం, అందులో సందేహం లేదు. ఫైనల్లో ఎదుటివాళ్ళు గాజు సీసాల కంపెనీ. ఆదివారం మధ్యాహ్నం రెండు గేములు, రెంటి మొత్తం ఎవరిది ఎక్కువైతే వాళ్ళదే కప్పు. ఎండీ భార్యతో సహా వచ్చి వెనక సోఫాలో కూర్చున్నాడు. పొద్దున సెమీఫైనళ్ళు కూడా అవే లేన్ల మీద జరిగాయి. మధ్యలో నూనె మళ్ళీ వెయ్యలేదు.

మొదటి గేములోనే తేడా తెలిసిపోయింది. కామేశ్వరరావు నీలం బంతి ఎన్నడూ లేనిది ముందే తిరిగిపోయి పిన్నుల అవతలి పక్కన కొట్టింది. అంజయ్యదీ అదే దారి. వెంకటేశం బంతయితే రెండుసార్లు ఎడమ కాలువలో పడింది. పుష్పమ్మ బంతి ఎప్పటిలాగే ఎడమ అంచున జారి, చివర్లో కుడికి తిరిగి, నడిమి పిన్నులను చెల్లాచెదురు చేసింది. గేము అయ్యేసరికి గాజు కంపెనీ కాస్త ముందుంది.

విరామంలో కామేశ్వరరావు ముగ్గురినీ దగ్గరకు పిలిచాడు. అతని నుదుటి మీద ఏసీలో కూడా చెమట.

"లేన్ ఎండిపోయింది. రియాక్టివ్‌లు పక్కన పెట్టండి. రెండో గేముకు అందరం ప్లాస్టిక్."

అంజయ్య, వెంకటేశం తలలూపి ఎర్ర బంతులు తీసుకున్నారు. పుష్పమ్మ కదల్లేదు.

"పుష్పా, విన్నావా?"

"విన్న సార్. నేను మార్చ."

"ఏంటి?"

"మీ దిక్కు ఎండిపోయింది సార్. మీరు మార్చుడు కరెక్టే. నా దిక్కు నూనె అట్లనే ఉన్నది. ఇప్పుడు ప్లాస్టిక్ ఏస్తే తిరగదు, ఉత్తగ పోతది."

"నాకు ఆట నేర్పుతున్నావా?"

"లేదు సార్. ఇది సూడుండ్రి." ఆమె తన నీలం బంతిని అతని ముందు పెట్టి, దాని మీది వలయం వెంట వేలు గీసింది. వేలు తళతళలాడింది. పక్కనే ఉన్న అతని బంతి మీద కూడా అట్లాగే గీసింది. అంటీ అంటనట్టు మరక.

కామేశ్వరరావు చూశాడు. అర్థం కాని మనిషి కాదు. కానీ వెనక సోఫాలో ఎండీ ఉన్నాడు, ముందు ఇద్దరు మగవాళ్ళు ఎర్ర బంతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. మాట అప్పటికే అనేశాడు.

"నూనె సంగతి తర్వాత. టీం అన్నాక ఒక నిర్ణయమే ఉంటుంది. నువ్వొక్కదానివి వేరుగా ఆడి ఓడిపోతే ఎండీ గారికి నేనేం చెప్పను?"

"మీరు చెప్పొద్దు సార్. నేనే చెప్త."

"మార్చకపోతే ఆడొద్దు."

"నేను ఆడకపోతే టీంల ఆడమనిషి ఉండదు సార్. మీరందరు గూడ ఆడొద్దు."

ఆ మాట అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది. మేనేజరు ముఖం మీద ఇంతవరకు ఇట్లా మాట్లాడి ఎరగదు. అంజయ్య నేలచూపులు చూశాడు. కామేశ్వరరావు పళ్ళు బిగించి, "నీ ఖర్మ" అని తన ఎర్ర బంతి అందుకున్నాడు.

పుష్పమ్మ మొదటి బంతి వేసింది. కోపం చేతిలోకి దిగింది, బంతి మామూలు కంటే వేగంగా పోయింది. తిరగడానికి దానికి వ్యవధే లేకపోయింది. ఎడమ పక్క నాలుగు పిన్నులను రాసుకుంటూ వెళ్ళిపోయింది. అన్నిటికంటే ముందుండే పిన్ను చెక్కు చెదరకుండా అట్లాగే నిలబడింది. రెండో బంతికి కూడా పని పూర్తి కాలేదు. గాజు కంపెనీ వాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఇప్పటికైనా మారుస్తావా?" అన్నాడు కామేశ్వరరావు.

ఆ ఒక్క నిమిషం ఆమెకు అనుమానం వచ్చిన మాట నిజం. తనే పొరబడిందేమో. ఎర్ర బంతి చేతికందేంత దగ్గర్లో ఉంది. తీసుకుంటే గొడవే లేదు, ఓడినా గెలిచినా పేరు కెప్టెన్‌ది. ఆమె నీలం బంతిని ఒళ్ళో పెట్టుకుని చూసింది. మొదటి గేము నుంచి తాగిన నూనె పొర మీద జిడ్డులా పేరుకుని ఉంది. విరామంలో వాదనలో పడి తుడవడం మర్చిపోయింది. జిడ్డు బంతి, దానికి తోడు కోపపు విసురు. బంతి ఎంపికలో తప్పు లేదు, తన చేతిలోనే ఉంది.

తువ్వాలుతో బంతిని నిదానంగా, అణువణువూ తుడిచింది. "మార్చ సార్" అంది.

ఈసారి తొందరపడలేదు. పొద్దున్నే ఎవరూ లేని హాల్లో బాపిరాజు ముందు వేసినట్టు వేసింది. బంతి నూనె మీద మెత్తగా జారుకుంటూ పోయింది, పొడి చోటు తగిలింది, తిరిగింది. పది పిన్నులూ ఒకే చప్పుడుతో పడ్డాయి. మళ్ళీ ఆమె వంతు వచ్చినప్పుడు మళ్ళీ అదే చప్పుడు. ఆ తర్వాత కూడా. మధ్యలో ఒకటి అరా పిన్ను మిగిలినా స్పేర్ చేసుకుంది. ఎర్ర బంతులతో మిగతా ముగ్గురూ కూడా మొదటి గేముకంటే బాగానే ఆడారు. కామేశ్వరరావు చెప్పింది వాళ్ళ వరకు నిజమే.

అయినా ఓడిపోయారు. మొత్తం మీద ఒక్క స్పేరు తేడా. ఆ గేములో టీం మొత్తంలో ఎక్కువ పిన్నులు పుష్పమ్మవే, తెర మీద అంకెలు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. కానీ జనానికి గుర్తుండేది నిలబడిపోయిన ఆ ముందు పిన్ను. "మొదటి ఫ్రేములో పోగొట్టింది సార్. ప్లాన్ పాటించలేదు" అని కామేశ్వరరావు ఎండీతో అంటుంటే ఆమె పక్కనే నిలబడి వింది. ఎండీ భార్య జాలిగా నవ్వింది. ఆ నవ్వు పుష్పమ్మకు మిగతా అన్నిటికంటే ఎక్కువ మండింది.

మర్నాడు ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ మేనేజరు నరసరాజు పిలిపించాడు. పెద్దాయన, మాట మెత్తన.

"చూడమ్మా, చిన్న విషయం. కామేశ్వరరావు గారికి నలుగురిలో ఒక్కసారి సారీ చెప్పెయ్యి. వచ్చే ఏడు కూడా టీంలో ఉంటావు."

"ఏం తప్పుకు సార్?"

"మాట విననందుకు."

"విననిది నిజమే సార్. వింటే ఇంకా ఎక్కువ తోని ఓడిపోతుంటిమి."

"అది నీ ఊహ."

"పంపు కారుతుంటే కారుతున్నదని రాస్త సార్. పెద్దసారు వచ్చి కారుతలేదని రాయమంటే రాస్తనా? గా పనికే గద కంపెనీ నాకు జీతమిచ్చేది? ఆట కాడ మాత్రం ఉన్నది లేదనాల్నా?"

నరసరాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మొండితనం ఆడవాళ్ళకు మంచిది కాదమ్మా" అన్నాడు.

"సారీ చెప్ప సార్."

టీంలోంచి తీసేశారు. రెండు బంతులూ కంపెనీవి కాబట్టి తిరిగి ఇచ్చేయమన్నారు, ఇచ్చేసింది. పరీక్ష విభాగంలో కొందరు నాలుగు రోజులు ఆమెతో ముక్తసరిగా మాట్లాడారు. అంజయ్య మాత్రం టీ తాగే చోట పక్కకు వచ్చి, "నువ్వన్నది కరెక్టే పుష్పా. నాకు నోరు రాలే" అన్నాడు. "వచ్చినప్పుడు చెప్పు అన్నా" అంది పుష్పమ్మ. ఆమెకు అతని మీద కోపం లేదు, అలాగని ఓదార్చాలని కూడా అనిపించలేదు.

ఇంట్లో చెప్పినప్పుడు అత్త ఏమంటుందో తెలుసు, అందుకు సిద్ధపడే చెప్పింది. నర్సింహమ్మ చేటలో కందులు చెరుగుతూ ఆగిపోయింది.

"సారీ చెప్పినవా?"

"చెప్పలే."

"మంచి పని జేసినవ్. నా కోడలు ఎడమ చేత్తోని ఆడితే నేను తిడ్త. వాళ్ళెవరు తిట్టెతందుకు?" అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. లోపల అన్నం తింటున్న కిష్టప్ప ఏడాదిలో మొదటిసారి ధైర్యం చేసి గట్టిగా నవ్వాడు.

ఆదివారం పొద్దున ఆమె మళ్ళీ సెంటరుకు పోయింది. కంపెనీ బండి లేదు, షేర్ ఆటో, ఆ తర్వాత బస్సు. బాపిరాజు నూనె మెషీను నడుపుతున్నాడు.

"టీంలోంచి తీసేశారటగా?"

"టీంల నుంచి తీసిండ్రు. ఆట నుంచి ఎట్ల తీస్తరు?"

బాపిరాజు లోపలికి వెళ్ళి రెండు పాత బంతులు తెచ్చాడు. దుబాయి వెళ్ళిపోతూ ఎవరో వదిలేసినవి. ఒకటి రియాక్టివ్. రెండోది బూడిద రంగుది. "దీని పొర యురేథేన్. ప్లాస్టిక్ అంత జారదు, రియాక్టివ్ అంత విరుచుకుపడదు. మధ్య రకం. బుద్ధిగా వంగుతుంది" అని పాత రంధ్రాలు పూడ్చి, ఆమె చేతికి కొత్తవి వేశాడు.

కొన్ని వారాలకు ప్యాకింగ్ విభాగం అరుణమ్మ వెంట వస్తానంది. సెలవు రోజు ఇంట్లో ఉంటే ఇంటెడు బట్టలుతికే బదులు ఇదేదో చూద్దామని. ఆమె మరో ఇద్దరు ఆడపిల్లలను పట్టుకొచ్చింది, ఇద్దరూ కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళు, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాళ్ళు. ఎవరు ఏ బంతి వెయ్యాలని వాళ్ళు అడిగితే పుష్పమ్మ చెప్పేది కాదు.

"రెండు తీర్ల బంతులు ఏసి సూడుండ్రి. తిరిగొచ్చినంక తుడిచి సూడుండ్రి. మీ దారి మీకే తెలుస్తది."

"నువ్వు చెప్తే అయిపోతది గదక్కా" అనేది అరుణమ్మ.

"నేను చెప్పుడు మొదలు పెడితే రేపు మీరు ఎదురు చెప్పరు. గప్పుడు మనం గూడ వాళ్ళ లెక్కనే."

మరుసటి ఏడు టోర్నమెంటుకు కంపెనీల టీంలతో పాటు బయటి టీంలు కూడా రావచ్చన్నారు. పేరు నమోదు చేసేచోట "మీ సంస్థ?" అని అడిగితే పుష్పమ్మ "బొంతపల్లి" అంది. నలుగురిలో ఆ ఊరామె తానొక్కతే, అయినా ఎవరూ వద్దనలేదు. రెండో రౌండులోనే వాళ్ళకు పంపుల కంపెనీ ఎదురుపడింది.

కామేశ్వరరావు టీంలో ఒక కొత్త కుర్ర ఇంజనీరు ఉన్నాడు. అతను బంతిని ఎడమ చేత్తో ఎత్తడం చూసి పుష్పమ్మ కామేశ్వరరావు వైపు తిరిగింది. అతను చూపు తప్పించి షూ తాడు కట్టుకోసాగాడు.

మొదటి గేమంతా ఆ ఇంజనీరు రియాక్టివ్ బంతితో దుమ్ము లేపాడు. ఈసారి ఎడమ పక్కన ఇద్దరు నడుస్తున్నారు. గేము చివరికి వచ్చేసరికి పుష్పమ్మ బంతి కూడా కాస్త ముందుగానే తిరగడం మొదలుపెట్టింది. తిరిగొచ్చిన బంతి మీద వేలు గీసి చూసింది. తడి పల్చబడింది.

రెండో గేముకు ఆమె రియాక్టివ్ బంతిని పక్కన పెట్టి బూడిద రంగు యురేథేన్ తీసుకుంది. అవతల ఇంజనీరు తన బంతిని చూసుకున్నాడు, ఒకసారి కెప్టెన్ వైపు చూశాడు. కామేశ్వరరావు ఏమీ అనలేదు. నిరుడు ఎడమ పక్క నూనె చివరిదాకా ఉందన్నది అతనికి బాగా గుర్తుంది. ఇంజనీరు రియాక్టివ్‌తోనే దిగాడు. రెండు మూడు ఫ్రేములు తిరిగేసరికి అతని బంతి సగం దారిలోనే అడ్డం తిరిగి ముందు పిన్నును దాటేసి పోసాగింది. పుష్పమ్మ బంతి తొందరపడకుండా వంగి, పోవలసిన చోటికే పోయింది. అరుణమ్మ కుడి పక్కన ఎర్ర ప్లాస్టిక్ బంతితో ఒక పక్కనుంచి స్పేర్లు ఏరుకుంటోంది. చివరి ఫ్రేములో ఆ ఇద్దరు పిల్లల్లో ఒకతి స్ట్రైక్ కొట్టి, తనే నమ్మలేక నేల మీద కూర్చుండిపోయింది. బొంతపల్లి గెలిచింది.

కామేశ్వరరావు వచ్చి చెయ్యి కలిపాడు. వెళ్ళబోయి ఆగాడు.

"నిరుడు మార్చనని అంత గొడవ చేశావు. ఇవాళ నువ్వే మార్చావేం?"

"పోయినేడు నూనె ఉండె సార్. ఈయేడు లేదు" అంది పుష్పమ్మ.

అతను తల పంకించి తన బంతి సంచీలో పెట్టుకున్నాడు. నిరుడు తాను చెప్పింది సరైనదేనని అతను ఒప్పుకున్నట్టా కాదా అని ఆమె ఆలోచించలేదు. అతను ఒప్పుకోవాలని ఎదురుచూడడం ఎప్పుడో మానేసింది.

ఈలోగా నరసరాజు హడావిడిగా వచ్చాడు. చేతిలో నాలుగు కంపెనీ టీషర్టులు, వెనకాల ఫోటోగ్రాఫరు.

"శభాష్ అమ్మా! మన కంపెనీ ఆడపిల్లలే గెలిచారని ఎండీ గారు చాలా సంతోషించారు. ఇవి తొడుక్కోండి, ఒక ఫోటో తీయించుకుందాం. కంపెనీ పత్రికలో వేస్తారు."

పిల్లలిద్దరూ ఆశగా చూశారు. అరుణమ్మ పుష్పమ్మ వైపు చూసింది.

"మీ ఇష్టం" అంది పుష్పమ్మ వాళ్ళతో. "నేనైతే తొడగ." ఆ తర్వాత నరసరాజు వైపు తిరిగింది. "ఫోటో తియ్యుండ్రి సార్, వద్దంటలేను. ఈ బట్టలతోనే తియ్యుండ్రి. కింద బొంతపల్లి అని రాయుండ్రి."

"అదేంటమ్మా, మీరు మన ఉద్యోగులేగా?"

"సోమవారం నుంచి శనివారం దాక సార్. ఇయ్యాల ఆదివారం."

అరుణమ్మ పకపకా నవ్వింది. పిల్లలు చేతుల్లోకి తీసుకున్న టీషర్టులను మడతపెట్టి ఆయనకే ఇచ్చేశారు. నరసరాజు వాటిని చంకన పెట్టుకుని, ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. ఫోటో తియ్యలేదు.

సాయంత్రం తర్వాతి రౌండులో బొంతపల్లి ఓడిపోయింది. ఎదుటివాళ్ళు హైదరాబాదు క్లబ్బు మనుషులు, ఏ దశలోనూ వీళ్ళకు అందలేదు. బస్టాపులో పిల్లలిద్దరూ ముఖాలు వేలాడేసుకుని నిలబడ్డారు.

"ఏందే, ఓడిపోంగనే నోర్లు పడిపోయినయా?" అంది పుష్పమ్మ. "వాళ్ళు ఏ బంతి ఏసిండ్రో ఎవరన్న సూసిండ్రా?"

పెద్దపిల్ల మెల్లగా తలెత్తింది. "సూసిన అక్కా. మసకగ, గరుకుగ ఉండె. మెరుస్తలేదు."

"ఎందుకట్ల?"

"తెల్వదు."

"వచ్చే ఆదివారం పొద్దుగాల రా. రాజు గారిని అడుగుదాం" అంది పుష్పమ్మ. పటాన్‌చెరు బస్సు కిక్కిరిసి వచ్చింది. నలుగురూ బంతుల సంచులను అడ్డం పెట్టి, జనాన్ని తోసుకుని ఎక్కేశారు.